చేతిపని వెండి వడ్డన గరిటెలు: కొనేముందు పక్కనుంచి చూడండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. షికాగో శివారులోని ఒక పాత సామాన్ల దుకాణంలో మీకు రెండు వెండి వస్తువులు దొరికాయి. మొదటిది పెద్ద వడ్డన గరిటె. దాని వెనుక ‘స్టెర్లింగ్, హ్యాండ్ రాట్, ఎట్ ద కాలో షాప్’ (వెయ్యికి 925 పాళ్ళ శుద్ధత గల వెండి, కాలో షాప్‌లో చేత్తో కొట్టి చేసినది) అన్న ముద్ర ఉంది, పిడి చివర ఎవరిదో ఇంటిపేరు అక్షరం అతికించి ఉంది. రెండోది మాంసం ముక్కలు వడ్డించే వెడల్పాటి ఫోర్కు. దాని ఒళ్ళంతా సుత్తి దెబ్బలున్నాయి కానీ ‘స్టెర్లింగ్’ అన్న మాట తప్ప చేసినవారి పేరు లేదు. గరిటెను కొనేశారు, ఫోర్కును మాత్రం నచ్చకపోతే వాపసు ఇచ్చే షరతు మీద ఇంటికి తెచ్చుకున్నారు. హైదరాబాదులో మీ కుటుంబానికి తెలిసిన కంసాలి ఫోటోలు చూసి, రెండింటికీ తూకం ధర తప్ప మరో విలువ లేదన్నారు. దుకాణదారు మాత్రం ఫోర్కే అసలైన చేతిపని అని, గరిటె మీది అక్షరాన్ని తీయించి మెరుగు పెట్టిస్తే దాని ధర పెరుగుతుందని చెప్పారు. ఈ ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి, ఇటువంటివి సేకరించడం మొదలుపెట్టవచ్చా, పెడితే ఎలా అన్నది మీ ప్రశ్న.

ఇద్దరి మాటా పూర్తిగా నమ్మనక్కరలేదు. గరిటె మంచి కొనుగోలు. దాని మీది అక్షరాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ఫోర్కు మాత్రం, మీ ఫోటోల్లో కనిపించినంతవరకు, యంత్రపు అచ్చులో పడి వచ్చిన వస్తువు. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే ఈ గరిటెలు ఎక్కడి నుంచి వచ్చాయో కొంత చెప్పాలి.

ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమం పందొమ్మిదో శతాబ్దపు ద్వితీయార్ధంలో ఇంగ్లండులో, రచయిత జాన్ రస్కిన్, రూపకర్త విలియం మోరిస్‌ల ఆలోచనల నుంచి పుట్టింది. కర్మాగారంలో పని ముక్కలు చెక్కలై, ఒక వస్తువును మొదలు నుంచి చివరి దాకా తన చేత్తో చేసే మనిషే కనుమరుగైపోయాడన్నది వారి బాధ. వెండి పనిలో ఈ ఆలోచనను ఆచరణలో పెట్టినవారిలో ముఖ్యుడు చార్లెస్ రాబర్ట్ ఆష్‌బీ. ఆయన 1888లో లండన్ తూర్పు పేటల్లో గిల్డ్ ఆఫ్ హ్యాండిక్రాఫ్ట్ అనే చేతివృత్తుల సంఘాన్ని స్థాపించి, వృత్తిలో అప్పటికే ఆరితేరినవారి కోసం వెతక్కుండా ఆ చుట్టుపక్కల కుర్రవాళ్ళను చేర్చుకుని పని నేర్పించాడు. 1902లో సంఘాన్నంతటినీ కుటుంబాలతో సహా గ్లాస్టర్‌షైర్‌లోని చిప్పింగ్ కాంప్‌డెన్ అనే చిన్న ఊరికి తరలించాడు. గిరాకీ నిలవక 1908 నాటికి ఆ కంపెనీ మూతబడింది. అయితే జార్జ్ హార్ట్ అనే పనివాడు అక్కడి పాత పట్టుమిల్లు భవనంలోనే ఉండిపోయి వెండి పని కొనసాగించాడు, ఆయన వంశం వారి కార్ఖానా ఇంకా అక్కడే నడుస్తోంది. మన పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది: మన శిల్పాల గురించి రాసిన ఆనంద కుమారస్వామి అదే ఊరి పక్కన ఆష్‌బీ బాగుచేయించి ఇచ్చిన పాత నార్మన్ చాపెల్‌లో కాపురముండి, ఆ సంఘపు ముద్రణ యంత్రం మీదే సింహళ కళల గురించిన తన పెద్ద గ్రంథాన్ని 1908లో అచ్చువేయించుకున్నాడు.

ఇదే గాలి అమెరికాకూ వీచింది. బోస్టన్‌లో ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ సంఘం 1897లో ఏర్పడింది. అదే ఏడాది షికాగోలో జేన్ ఆడమ్స్ నడుపుతున్న హల్ హౌస్ అనే సేవాకేంద్రంలో అక్కడి సంఘం పుట్టింది. 1900లో ఆష్‌బీ స్వయంగా షికాగో వచ్చి వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్‌ను కలుసుకున్నాడు. యంత్రం కళకు శత్రువా, పనిముట్టా అన్న వాదన ఆ ఊళ్ళో అప్పుడే బలంగా సాగుతోంది. మీ గరిటె చేసిన కాలో షాప్‌ను క్లారా బార్క్ అనే ఆమె, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకున్న మరికొందరు యువతులతో కలిసి 1900లోనే ప్రారంభించింది. మొదట తోలుపని వంటివి చేసేవారు. 1905లో జార్జ్ వెల్స్‌ను పెళ్ళాడిన తరవాత ఆమె పార్క్ రిడ్జ్‌లో కార్ఖానా పెట్టి లోహపు పని వైపు మళ్ళింది. అక్కడ సుత్తి పట్టినవారిలో చాలామంది నార్వే, స్వీడన్, డెన్మార్కుల నుంచి వలస వచ్చిన పనివారు. ఆ దుకాణం 1970 దాకా నడిచింది. ఈ చివరి సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి, ముద్రల దగ్గరికి వచ్చినప్పుడు అవసరమవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. చేతిపనిని గుర్తుపట్టడానికి ఎక్కువమంది పైన కనిపించే సుత్తి దెబ్బల్ని చూస్తారు, మోసపోయేది కూడా అక్కడే. చూడవలసినది లోహపు మందం. కడ్డీని గాని మందపాటి రేకును గాని డాకలి మీద పెట్టి కొడుతున్నప్పుడు వెండి ఒకచోట పలచబడి మరోచోటికి జరుగుతుంది. కొట్టేకొద్దీ అది గట్టిపడి, ఇక కొడితే పగిలే స్థితికి వస్తుంది. అప్పుడు మసక ఎరుపు రంగు వచ్చేదాకా కాల్చి చల్లార్చి మెత్తబరచుకుని మళ్ళీ కొట్టాలి. ఇన్నిసార్లు కాల్చి ఇన్నిసార్లు కొట్టే మనిషి ప్రతి దెబ్బకూ ఒక నిర్ణయం చేస్తాడు. గరిటె గుంట, పిడి కలిసే మెడ దగ్గర బరువంతా పడుతుంది కాబట్టి అక్కడ లోహాన్ని మందంగా, దాదాపు నలుచదరంగా ఉంచుతాడు. అక్కడి నుంచి పిడి చివరికి పోయేకొద్దీ వెడల్పు పెరిగి మందం తగ్గుతుంది. గుంట అంచు తరచుగా గిన్నెల అడుగు గీరడానికి వాడతారు కాబట్టి దాన్ని మరీ పలచబడనివ్వడు. చివరికి నున్నటి ముఖం గల సుత్తితో పైపైన కొట్టి సాపు చేసి, అంచులను ఆకురాయితో రుద్ది గుండ్రం చేస్తాడు.

అచ్చుపోత వస్తువు కథ వేరు. రేకులోంచి ఆకారాన్ని కత్తిరించి, ఉక్కు అచ్చుల మధ్య పెట్టి ఒక్క పోటు పొడిస్తే గరిటె తయారవుతుంది. సుత్తి దెబ్బలు కావాలంటే ఆ అచ్చులోనే చెక్కిపెడతారు. ఆ దెబ్బలు చూడటానికి అందంగానే ఉంటాయి, కానీ వాటి కింద లోహం ఎక్కడికీ జరగలేదు. తమాషా ఏమిటంటే, నిజంగా చెయ్యి తిరిగిన పనివాడి వస్తువు మీద దెబ్బలు కంటికి ఆనవు. మసాచుసెట్స్‌లోని గార్డ్‌నర్ ఊళ్ళో 1901లో కార్ఖానా తెరిచిన ఆర్థర్ స్టోన్, ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో పుట్టి అక్కడే పని నేర్చినవాడు. ఆయన కార్ఖానా నుంచి వచ్చిన గరిటెలు ఎంత నున్నగా ఉంటాయంటే, దీపం కింద వాలుగా పట్టి తిప్పితే తప్ప సుత్తి ఆనవాలు తెలియదు. కొట్టొచ్చినట్టు కనిపించే లోతైన సుత్తి దెబ్బలు చాలాసార్లు కొనేవారి కోసం వేసిన అలంకారం, అవి చేత్తో వేసినవే అయినా సరే.

మందం విషయంలోనూ ఒక చిక్కుంది. పెద్ద కర్మాగారాలు మంచి రకం చెంచాల కోసం రేకును ముందే రోలర్ల మధ్య నొక్కి, గుంట వైపు పలచగా మెడ వైపు మందంగా వచ్చేలా చూసుకునేవి. అందువల్ల మందంలో తేడా కనిపించినంత మాత్రాన చేతిపని అని తేల్చేయకూడదు. ఆ తేడా ఎంత సమంగా ఉందో చూడాలి. వెర్నియర్ కాలిపర్‌తో పిడి ఎడమ అంచు, కుడి అంచు, మెడ, గుంట అంచు నాలుగు వైపులా కొలవండి. రోలరు నుంచి వచ్చినది రెండు పక్కలా దాదాపు ఒకే కొలత చూపిస్తుంది. చేత్తో చేసినదానిలో చిన్న చిన్న తేడాలుంటాయి. గుంట మధ్యగీత పిడి మధ్యగీతతో సరిగ్గా కలవకుండా వెంట్రుకవాసి పక్కకు పోయి ఉండవచ్చు. ఫోర్కు అయితే ముళ్ళ మధ్య సందుల్లోకి పదింతల భూతద్దంతో చూడండి. రంపంతో కోసి ఆకురాయితో రుద్దిన సందుల్లో సన్నని గీతలు మిగిలి, వాటి మొదళ్ళు ఒకదానికొకటి కొంచెం తేడాగా ఉంటాయి. యంత్రం కత్తిరించిన సందులు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి.

అన్నిటికన్నా తిరుగులేని పరీక్షకు పనిముట్లేమీ అక్కర్లేదు. అదే నమూనా మరో వస్తువు ఫోటో సంపాదించి దెబ్బల స్థానాలను పోల్చి చూడండి. ఏ ఇద్దరు మనుషులూ, ఒకే మనిషైనా రెండు రోజుల్లో, ఒకే వరుసలో ఒకే చోట సుత్తి వేయలేరు. మీ ఫోర్కు పిడి కుడి అంచున మూడు దెబ్బలు ఒకదాన్నొకటి ఒరుసుకుని చిన్న త్రికోణం ఏర్పడిన చోటు ఒకటుంది. ఆన్‌లైన్ వేలంలో అమ్ముడైన మరో ఫోర్కు ఫోటోలో అదే త్రికోణం అదే చోట నాకు కనిపించింది. మీ కంసాలి గారు ఫోర్కు విషయంలో పొరబడలేదు, గరిటె విషయంలోనే ఆయన తూకంతో ఆగిపోయారు. అది ఆయన తప్పు కూడా కాదు. మన దగ్గర వెండి సామాను కొనడం, అమ్మడం, మార్చడం అన్నీ తూకం మీద, తరుగు మీద నడుస్తాయి. పాత గిన్నె ఇచ్చి కొత్త గిన్నె తెచ్చుకునే అలవాటులో చేసినవాడి పేరుకు చోటు లేదు. కరీంనగర్ తీగపని వంటి గొప్ప పనికి కూడా పనివాడి ముద్ర చూసి ధర కట్టే కొనుగోలుదారులు ఎంతమంది?

ముద్రల గురించి మీకు తక్షణం అవసరమైనంత చెబుతాను. ఇంగ్లండు వెండి మీద చట్టబద్ధమైన పరీక్షా కార్యాలయాల ముద్రలుంటాయి కాబట్టి అక్కడి పని సులువు: నడిచే సింహం ఉంటే వెయ్యికి 925 పాళ్ళ శుద్ధత, చిరుతపులి తల లండన్, లంగరు బర్మింగ్‌హామ్, ఆ కాలానికి కిరీటం షెఫీల్డ్, వీటి పక్కన సంవత్సరాన్ని తెలిపే అక్షరం. ఆష్‌బీ సంఘం వస్తువుల మీద మొదట ఆయన పేరులోని మూడు పొడి అక్షరాలు, 1898 తరవాత సంఘం పేరును సూచించే అక్షరాలు కనిపిస్తాయి. అమెరికాలో ఇటువంటి వ్యవస్థ లేదు. 1906 నాటి ఫెడరల్ చట్టం ‘స్టెర్లింగ్’ అన్న మాటకు శుద్ధత నిర్ణయించింది గాని, ఎవరు ఎప్పుడు చేశారో ముద్ర వేయాలనే నియమం పెట్టలేదు. అందువల్ల తయారీదారు తన ముద్ర ఎలా మారుస్తూ వచ్చాడో తెలిస్తేనే కాలం తెలుస్తుంది. కాలో వస్తువు మీద పార్క్ రిడ్జ్ పేరుంటే అది 1914కు ముందుది. షికాగోతో పాటు న్యూయార్క్ పేరు కూడా ఉంటే సుమారు 1914, 1918 మధ్యది. మీ గరిటె మీదున్న ముద్ర వీటి తరవాతది, దుకాణం మూతబడే దాకా వాడింది. కాబట్టి మీ గరిటె 1920ల నాటిది కావచ్చు, 1960ల నాటిదీ కావచ్చు. ‘నూరేళ్ళ పురాతన వస్తువు’ అని దుకాణదారు చీటీలో రాసి ఉంటే దానికి ఆధారం లేదు. అయినా చేతిపని మాత్రం నిజం. పిడి మీద అక్షరాన్ని చెక్కకుండా, రేకులో విడిగా కోసి టంకంతో అతికించడం ఆ దుకాణం వారికి బాగా అలవాటైన పద్ధతి, ఇప్పటి సేకర్తలు దాని కోసమే వెతుకుతారు.

చేతిపని అన్న మాట ముద్రలో ఉన్నా, ఆ మాటను కూడా అనుమానంగానే చదవాలి. లండన్‌లోని లిబర్టీ దుకాణం 1899లో ప్రవేశపెట్టిన సిమ్రిక్ శ్రేణి దీనికి మంచి ఉదాహరణ. ఆర్చిబాల్డ్ నాక్స్ వంటి గొప్ప రూపకర్తలు గీసిన నమూనాలను బర్మింగ్‌హామ్‌లోని హేజ్‌లర్ కంపెనీ చాలావరకు యంత్రాల మీద తయారుచేసి, పైన చేతిపని అనిపించే దెబ్బలు వేసి అమ్మింది. తక్కువ ధరకు వచ్చిన ఆ వస్తువులు ఆష్‌బీ సంఘపు గిరాకీని దెబ్బతీసిన కారణాల్లో ఒకటి. అలాగని సిమ్రిక్ వస్తువులను తీసిపారేయను. నాక్స్ గీతలో ఉన్న పొందిక చాలా చేతిపని చెంచాల్లో లేదు, మార్కెట్టు కూడా వాటికి గట్టి ధరే ఇస్తుంది. ఒమర్ రామ్స్‌డెన్ వస్తువుల మీద ‘ఒమర్ రామ్స్‌డెన్ నన్ను చేశాడు’ అనే అర్థం వచ్చే లాటిన్ వాక్యం ఉంటుంది, నిజానికి ఆ పని ఎక్కువగా ఆయన కార్ఖానాలోని పనివారిది. స్టోన్ ఈ విషయంలో నిజాయతీపరుడు: తన ముద్ర పక్కన ఆ వస్తువు చేసిన పనివాడి ఇంటిపేరులోని తొలి అక్షరం కూడా వేయించేవాడు. నాకు ఆ చిన్న అక్షరం ఉన్న చెంచా అంటే ప్రత్యేకమైన ఇష్టం.

ఇక గరిటె మీది అక్షరం తీయించే సలహా. అతికించిన అక్షరాన్ని కాల్చి ఊడదీస్తే కింద టంకం మరక మిగులుతుంది. దాన్ని పోగొట్టడానికి ఆ చోటంతా రుద్దాలి. రుద్దితే పిడి అక్కడ పలచబడుతుంది, చుట్టూ ఉన్న సుత్తి ఆనవాళ్ళు చెరిగిపోయి నున్నటి మచ్చ ఏర్పడుతుంది. యంత్రపు చక్రం మీద మెరుగు పెట్టిస్తే మిగతా ఒళ్ళంతా అదే గతి. మీకు నచ్చని ఒక అక్షరాన్ని వదిలించుకోవడానికి, పనివాడు జాగ్రత్తగా అమర్చిన మందాన్ని డబ్బిచ్చి అరగదీయించుకున్నట్టవుతుంది. ఇప్పటికే ఇటువంటి చేష్టకు గురైన వస్తువులు మార్కెట్లో చాలా ఉన్నాయి కాబట్టి కొనేముందు పిడి మీద మెల్లగా ఊపిరి వదిలి చూడండి. ఆవిరి పట్టిన క్షణంలో చెరిపేసిన అక్షరాల నీడ, దాచిన అతుకు గీత తేలి కనిపిస్తాయి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పిడిని పట్టి జరిపితే, అక్షరం గీకేసిన చోట పల్లం తగులుతుంది.

వడ్డన సామాన్లలో మార్పులు చేసి అమ్మడం మరీ ఎక్కువ, ఎందుకంటే మామూలు చెంచా కన్నా వడ్డన గరిటెకు ధర ఎక్కువ. మామూలు పెద్ద చెంచా గుంటను ముళ్ళుగా కోసి ఫోర్కు చేస్తారు. అటువంటి ఫోర్కు ముళ్ళు చెంచా గుంట ఉన్నంత పలచగా ఉండి, చివర్లు వేలితో నొక్కితే వంగుతాయి. చెంచాకు చిల్లులు పొడిచి బఠాణీలు వడ్డించే జల్లిగరిటెగా అమ్ముతారు; ఆ చిల్లుల అంచులు వాడిగా, మిగతా అంచులు అరిగి గుండ్రంగా ఉంటే అనుమానించాలి. ఇంగ్లండులో పద్దెనిమిదో శతాబ్దపు సాదా చెంచాలకు విక్టోరియా కాలంలో పళ్ళ నగిషీ కొట్టి, గుంటకు బంగారు పూత పూసి ‘బెర్రీ చెంచాలు’గా మార్చిన పద్ధతి ప్రసిద్ధం. అవి బాగుంటాయి, కానీ ఈ ఉద్యమానికి వాటితో సంబంధం లేదు. కొన్ని వడ్డన జతలకు దంతపు పిడులుంటాయి. వాటిని మొదటిసారి సేకరించేవారు కొనకపోవడమే మంచిది. బ్రిటన్‌లో 2022 నుంచి దంతపు చట్టం అమలులో ఉంది, అమెరికాలోనూ ఆంక్షలున్నాయి, భారతదేశానికి తీసుకువెళ్ళాలనుకుంటే చిక్కులు ఇంకా ఎక్కువ.

ధర లెక్క వేసేటప్పుడు ముందుగా కరిగిస్తే వచ్చే విలువ తెలుసుకోండి. ఉదాహరణకు గరిటె 90 గ్రాములుంటే అందులో శుద్ధమైన వెండి 0.925 చొప్పున 83.25 గ్రాములు. ట్రాయ్ ఔన్సు 31.1 గ్రాములు కాబట్టి అది సుమారు 2.68 ఔన్సులవుతుంది, ఆనాటి మార్కెట్టు ధరతో గుణిస్తే నేల ధర తెలుస్తుంది. వంటింటి త్రాసు చూపించే ఔన్సు 28.35 గ్రాములే, ఈ రెండింటినీ కలగాపులగం చేసే అమ్మకందారులు ఉన్నారు. నేల ధర పైన మీరు ఇచ్చే ప్రతి డాలరూ చేసినవారి పేరుకు, రూపానికి, చెడని ఒంటికి ఇస్తున్నారు. నేనైతే వీటిలో చెడని ఒంటికే పెద్దపీట వేస్తాను. అరిగిపోయిన ఆష్‌బీ కన్నా, ఎవరూ మెరుగు చక్రం మీద పెట్టని పేరు తెలియని పనివాడి గరిటె నాకు నచ్చుతుంది, పైగా అది అందుబాటు ధరలో దొరుకుతుంది. వెండి ధర పెరిగిన ప్రతిసారీ ఈ నేల ధర ప్రమాదం తెస్తుంది. 1980 జనవరిలో ఔన్సు ధర యాభై డాలర్ల దగ్గరికి ఎగబాకినప్పుడు ఇటువంటి వస్తువులు బస్తాలకొద్దీ మూసల్లోకి పోయాయి. ఇప్పటికీ తూకానికి అమ్మడానికి తెచ్చిన పెట్టెల్లో మంచి గరిటెలు దొరుకుతాయంటే, వాటిని తెచ్చినవారు కూడా మీ కంసాలి గారిలాగే తూకమే చూసినవారన్నమాట.

మొదటి సేకరణకు గిన్నెలు, పళ్ళాలు, కాఫీ పాత్రలు కాక వడ్డన గరిటెలే మేలని ఎందుకంటానో మీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది: ఒక్క వస్తువులో కొట్టడం, వంచడం, కోయడం, అతకడం అన్నీ కనిపిస్తాయి, చేతిలో పట్టుకుని తూచవచ్చు, నలుగురు కూర్చున్న బల్ల మీద వాడుకోవచ్చు. పన్నెండు మందికి పన్నెండు చెంచాల జత చేసే పనివాడు పదకొండోసారి తన మీద తనకే విసుగు పుట్టి చేస్తాడు. వడ్డన గరిటె ఒక్కటే చేస్తాడు కాబట్టి ఆలోచనంతా దానిలోనే పెడతాడు. మీరు షికాగోలో ఉన్నారు కాబట్టి ఆ ఊరి పనివారికే కట్టుబడి ఉండమని నా సలహా. కాలోతో పాటు రాబర్ట్ జార్వీ, జూలియస్ రాండాల్, లెబోల్ట్ కంపెనీ, షికాగో సిల్వర్ కంపెనీ పేర్లు గుర్తుపెట్టుకోండి. వీరిలో కొందరు ఒకరి కార్ఖానాలో పని నేర్చి మరొకటి పెట్టుకున్నవారే, అందుకే ఒకరి మెడ వంపు మరొకరిలో కనిపిస్తుంది. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఆ ఊరి వెండి పని ఉంది. ఏదైనా కొనేముందు అక్కడ ఒక మధ్యాహ్నం గడపండి. ఎప్పుడైనా ఇంగ్లండు వెళితే లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆష్‌బీ పని, చిప్పింగ్ కాంప్‌డెన్‌లోని కోర్ట్ బార్న్ మ్యూజియం తప్పక చూడండి. ఇంగ్లండు పని మీద మనసు పోయి బడ్జెట్ సరిపోకపోతే, కెజిక్ ఊళ్ళో 1884లో ఒక మతగురువు, ఆయన భార్య కలిసి సాయంకాలపు తరగతులుగా మొదలుపెట్టిన శిల్పపాఠశాల చెంచాలు చూడవచ్చు.

శుభ్రం చేయడం దగ్గర మన తెలుగిళ్ళ అలవాట్లు మానుకోవాలి. పూజ సామాన్లకు చింతపండు, విభూతి, పళ్ళపొడి పెట్టి తళతళలాడేలా తోమడం మనకు తెలిసిన పద్ధతి. పళ్ళపొడిలోనూ బూడిదలోనూ ఉండే గరుకు రేణువులు ప్రతిసారీ కొంత వెండిని తీసుకుపోతాయి. సన్నని సుత్తి ఆనవాళ్ళు ఆ తోముడికి కొన్నేళ్ళలో మాయమవుతాయి. ముంచి తీసే రసాయనాలు, అల్యూమినియం రేకుతో వంటసోడా నీళ్ళలో ఉంచే చిట్కా వాడితే మూలల్లో పనివాడు కావాలని ఉంచిన నలుపు కూడా పోయి వస్తువు పేలవంగా తయారవుతుంది. వాడిన వెంటనే గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగి, మెత్తటి నూలుగుడ్డతో తుడిస్తే చాలు. తరచుగా వాడే వెండి త్వరగా నల్లబడదు. నల్లబడితే వెండి కోసం చేసిన మెత్తని పేస్టు కొంచెం అద్ది నిలువుగా తుడవండి, గుండ్రంగా రుద్దవద్దు. డిష్‌వాషర్‌లో ఎన్నడూ పెట్టవద్దు. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డలు, వార్తాపత్రికలు చుట్టి దాచితే వాటిలోని గంధకం నలుపు పట్టిస్తుంది. ఇక వడ్డనలో మీ గరిటెతో పప్పు, కూర, పెరుగన్నం నిశ్చింతగా వడ్డించవచ్చు, కానీ ఆవకాయ జాడీలో మాత్రం వేసి ఉంచకండి. ఉప్పు వెండిని తింటుంది, ఆవాలలోని గంధకం నల్లబరుస్తుంది; ఆష్‌బీ కూడా తన వెండి ఆవపాత్రలకు లోపల గాజు గిన్నె పెట్టించింది ఇందుకే.

ఫోర్కును గడువులోగా వాపసు ఇవ్వండి. దుకాణదారు చేతిపని ధర తగ్గించి నేల ధరకు కొంచెం ఎక్కువకు ఇస్తానంటే తీసుకోవచ్చు; అచ్చుపోతదైనా అది మంచి బరువున్న స్టెర్లింగ్, పండుగ భోజనాల్లో భయం లేకుండా వాడుకోవడానికి పనికొస్తుంది. తరవాత ఏది కొన్నా, ఆన్‌లైన్‌లో అయితే మరీ ముఖ్యంగా, అమ్మేవారిని మూడు ఫోటోలు అడగండి: మెడ మందం తెలిసేలా పక్కనుంచి తీసినది, గుంట వెనుక భాగానిది, వెలుగు వాలుగా పడేటట్టు ముద్ర చుట్టూ తీసినది. ఆ మూడూ పంపడానికి తటపటాయించే అమ్మకందారు దగ్గర నేను కొనను.